టూరిన్ బండికి నేను రాసిన చరిత్ర

పోయిన నెల ఒక శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కువైట్‌లో ఖైతాన్‌లోని మా ఫ్లాటు తలుపు తట్టి ఒకావిడ నా పేరు అడిగింది. నలభై ఏళ్లుంటాయి. నల్లని అబాయా, తలమీద పువ్వుల గుడ్డ, చేతిలో ప్లాస్టిక్ సంచీలో నాలుగు దానిమ్మకాయలు. "మూర్తి సారంటే మీరేనా?" అంది. నేనేనన్నాను. "నేను ఓబులన్న కూతుర్ని సార్, రమణమ్మ. మా నాయన మీ పేరు శానా చెప్తాండె" అంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పేరు నా ఎదుట ఎవరూ అనలేదు. లోపలికి రమ్మనడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ ఆలస్యం చూసి మా ఆవిడ సుభద్రే ముందుకొచ్చి, "రామ్మా, కూర్చో" అంటూ దానిమ్మకాయలు అందుకుంది.

రమణమ్మ రెండేళ్లుగా ఇక్కడ ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తోంది. నెలకొక శుక్రవారం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బయటికి పోనిస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం పత్రికలో నేను అప్పుడప్పుడూ రాసే జ్ఞాపకాల కింద నా పేరు చూసిన వాళ్లెవరో ఆమెకు నా అడ్రసు చెప్పారు. వాళ్ల నాన్న పోయి ఏడాది కావస్తోందట. ఆ మాట చెప్పి, కొంగు సవరించుకున్నట్టుగా తలమీది గుడ్డ సవరించుకుని, వచ్చిన పని చెప్పింది. "మా నాయన పేరు అచ్చేసిన కాగితం ఉండాదంట కదా సార్, ఆ ఇటలీ బండి కాగితం. మీరే రాసినారంట. నాకు ఒగ కాపీ కావాల. సంవత్సరీకం నాటికి పటం కట్టించి, మా నాయన ఫోటో పక్కన పెడదామని."

ఆ కాగితం నా దగ్గర ఉంది. నా సర్టిఫికెట్లున్న ఫైల్లోనే ఇన్నేళ్లూ దాచుకున్నాను. అయితే దాంట్లో ఓబులన్న పేరు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఆ రోజుల గురించి చెప్పాలి.

అమలాపురం దగ్గర మా ఊరి నుంచి బి.ఏ. ఇంగ్లీషు పట్టా, టైపు సర్టిఫికెట్టు పట్టుకుని నేను కువైట్‌లో దిగేనాటికి ఇరాక్‌తో యుద్ధం ముగిసి ఎక్కువ కాలం కాలేదు. గోడల మీద గుళ్ల గుంటలు ఇంకా పూడ్చలేదు. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పెద్ద వ్యాపారి. డెబ్బై ఏళ్ల మనిషి. పనివాళ్లమంతా ఆయన్ని బాబా అనేవాళ్లం. ఆయన ఆఫీసులో నేను ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. మకాం ఇదే ఖైతాన్‌లో, మా ఇప్పటి ఇంటికి నాలుగు వీధుల అవతల, రెండు గదుల్లో ఆరుగురం. ముగ్గురం గోదావరి వాళ్లం, ముగ్గురు కడప వైపు వాళ్లు. వారమంతా ఖుబ్జు రొట్టెలు, పప్పు. శుక్రవారం మాత్రం రెండు పొయ్యిల మీద రెండు జిల్లాలు ఉడికేవి. మేం చింతపండు పులుసు పెట్టి చేపలు వండితే, వాళ్లు రాగిపిండి తెప్పించుకుని సంగటి కెలికి, వేరుశనక్కాయల చట్నీ రుబ్బేవాళ్లు. వేయించిన వేరుశనగ వాసన, చేపల వాసన, గోడ మీద ఆరేసిన బొగ్గురంగు పనిబట్టల కిరోసిన్ వాసన అన్నీ కలిసి ఆ గది వాసన అయ్యేది. నేను మాట్లాడితే "ఆయ్" అంటానని వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు "ఏందప్పా" అంటే మేం నవ్వేవాళ్లం.

ఓబులన్న మంచం నా మంచం పక్కనే. అప్పటికి ఆయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. రాయచోటి వైపు మనిషి. చిన్నప్పుడే బొంబాయి పోయి, అక్కడి షెడ్లలో పాత ఇంగ్లీషు లారీల కింద ఇరవై ఏళ్లు పడుకుని పని నేర్చాడు. తెలుగూ హిందీ తప్ప ఇంకో భాష రాదు. అరబ్బీలో యల్లా, ఖలాస్ అనే రెండు మాటలతోనే నెట్టుకొచ్చేవాడు. పని నుంచి రాగానే కిరోసిన్‌తో ఒకసారి, రంపపు పొట్టుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడిగేవాడు. ఆ తర్వాత కూడా నా పుస్తకాలు ముట్టుకోవాలంటే చేతులు లుంగీకి తుడుచుకునేవాడు. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాణ్ణయినా నన్ను సార్ అనేవాడు. నేను వద్దని ఒక్కసారీ అనలేదు. ఇంటికి ఉత్తరం రాయించుకోవడానికి నా మంచం అంచున కూర్చుని, చెప్పాల్సింది ముందు మనసులో సర్దుకుని, ఒక్కో వాక్యం మెల్లగా చెప్పేవాడు. ఇంజన్ విప్పేటప్పుడు కూడా అంతే. విప్పిన ప్రతి నట్టునూ పాత పేపరు మీద, విప్పిన వరసలోనే పరిచేవాడు. పేపరు ఎవరైనా కదిపితే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

బాబాకు దజీజ్‌లో ఒక గోడౌను ఉండేది. అందులో సగం సరుకు, సగం ఆయన ప్రాణం. ఆయన పోగుచేసుకున్న పాత కార్లు ఏడెనిమిది అక్కడ గుడ్డలు కప్పుకుని ఉండేవి. యుద్ధంలో వాటి ముందు ఇటుక గోడ కట్టించి దాచారట. గోడ పగలగొట్టాక చూస్తే, తగలబడిన నూనె బావుల మసి సందుల్లోంచి లోపలికి దిగి కార్లన్నీ నల్లబడి ఉన్నాయి. వాటిని మళ్లీ నడిపించడానికే ఓబులన్నను తెప్పించారు. వాటిలో బాబాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక పొడుగాటి టాపులేని ఇటలీ బండి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది. ఆకుపచ్చ రంగు, ఇత్తడి దీపాలు, కర్ర ఆకుల చక్రాలు. బాబా గోడౌనుకు వచ్చినప్పుడల్లా చేతి ఉంగరంతో దాని బానెట్టు మీద రెండుసార్లు తట్టి, ఆ శబ్దం విని, తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. టీ గ్లాసు అడుగున పంచదార కరిగేదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

ఆ బండి చేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు మీద అబద్ధం రాసినవాణ్ణి, మళ్లీ దాన్ని లాగడం నాకిష్టం లేదు. నగరంలో పాతకార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, ఆ కంపెనీ చరిత్ర ఇంగ్లీషులో రాసిపెట్టమని బాబా నాకు ఒక అట్టపెట్టెడు పుస్తకాలు, పాత కేటలాగులు ఇచ్చాడు. సాయంత్రాలు గోడౌనులో కూర్చుని చదివేవాణ్ణి. ఓబులన్న బండి కింద పడుకుని పనిచేస్తూ, "ఏం రాసినారు సార్ దాంట్లో, చెప్పు" అనేవాడు. చెప్పేవాణ్ణి. టూరిన్ అనే ఊళ్లో గుర్రబ్బండ్లు చేసే ఒక కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు. గుర్రబ్బండ్ల తర్వాత సైకిళ్లు మొదలుపెట్టారు. ఇంగ్లీషు సరుకంటే జనానికి మోజని ఆ సైకిళ్లకు ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. తర్వాత మోటారు బండ్లలోకి దిగారు. మొదటి బండ్లకు ఇంజను వెనక సీటు కింద ఉండేది. కొండల మీద పందేలు గెలిచారు. పేరు రాగానే అన్నదమ్ములకు పడలేదు. నడిపివాడు విడిపోయి, అదే వీధిలో ఎదురుగా ఇంకో ఫ్యాక్టరీ పెట్టాడు. కొన్నాళ్లు ఒకరి పనివాళ్లను ఒకరు లాక్కున్నారు. యుద్ధం వచ్చి ప్రభుత్వం విమానాల ఇంజన్లు చెయ్యమంది. చేశారు. యుద్ధం అయిపోయాక అంత పెద్ద కార్లు కొనేవాళ్లు లేక, అదే ఊళ్లోని ఇంకో పెద్ద కంపెనీకి అమ్ముకున్నారు. ఆ పేరు అక్కడితో ఆగిపోయింది.

అన్నదమ్ములు విడిపోయిన చోట ఓబులన్న బండి కింది నుంచి "అయ్యో" అన్నాడు. మొత్తం విన్నాక బయటికి వచ్చి, కాసేపు పానా తుడుచుకుంటూ, "యజమాన్ల పేర్లుండాయి, పందెం తోలినోళ్ల పేర్లుండాయి. బిగించినోళ్ల పేర్లు ఒగటీ లేదా సార్?" అన్నాడు. వెతికాను. లేదు. "పోనీలే. మనం రాసేదాంట్లోనన్నా ఉండనీ" అని నవ్వాడు. ఆ నవ్వులో అడగడం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు ఆయన నన్ను పిలిచి రెండు పానాలు చేతిలో పెట్టాడు. "ఇది ఇంచీలది. ఇది మిల్లీమీటర్లది. ఈ గేరుబాక్సు నట్టుకు ఏది పడుతుందో నువ్వే సూడు సార్." మిల్లీమీటర్లది పట్టింది. "ఇప్పుడు ఇంజన్‌ది సూడు." అది ఇంచీలదానికే పట్టింది. ఓబులన్న ఛాసిస్ మీద ఇంకో చోటు చూపించాడు. పాత బొక్కలు పూడ్చి, వాటి పక్కన కొత్త బొక్కలు కొట్టి ఉన్నాయి. "ఒగే ఫ్యాక్టరీలో పుట్టిన బండికి రెండు కొలతలు ఎట్లుంటాయి సార్? ఈ ఇంజన్ ఇటలీది కాదు. ఇంగ్లండోళ్లది. బొంబాయిలో ఇట్లాంటివి నూరు విప్పినా. తప్పేం కాదులే. ఎప్పుడో దీని ఇంజన్ పగిలిపోయింటాది. ఎవురో మనట్లాంటోడు బండిని పారేయనీకుండా వేరేది పెట్టి బతికించినాడు. బాబాకు చెప్పు. కాగితంలో గూడా రాయి. అదీ దాని కతే గదా" అన్నాడు.

"చెబుతాన్లే అన్నా" అన్నాను.

చెప్పలేదు. ఆ వారమే బాబా తన స్నేహితులతో, నట్టు నట్టూ టూరిన్‌దేనని గొప్పగా అనడం నేను విన్నాను. దానికి తోడు నేను అప్పటికే ఒక వాక్యం రాసుకున్నాను. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఈ రోజుకీ ఈ బండి అణువణువూ అలాగే ఉందని దాని సారాంశం. ఇంగ్లీషులో అది ఎంత బాగా వచ్చిందంటే, దాన్ని కొట్టెయ్యడానికి నాకు చేతులు రాలేదు. భయం కొంత, ఆ వాక్యం మీద మోజు కొంత. ఏది ఎక్కువో ఈనాటికీ నిజాయితీగా చెప్పలేను. ఓబులన్న పేరు కూడా అందుకే రాయలేదు. అణువణువూ అలాగే ఉన్న బండికి బాగుచేసినవాడు ఎందుకు?

బాబా దాన్ని దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే ఆ పెద్ద గదిలో, పైకి చదివించుకున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. అప్పటిదాకా నేను ఆ గదిలో గుమ్మం దగ్గర నిలబడినవాణ్ణే. చేతిలో చిన్న కాఫీ కప్పు పెట్టారు. అతిథులకు పట్టే ధూపం నా ముందుకూ తెచ్చారు. మిగతావాళ్లు చేసినట్టే నేనూ ఆ పొగను చొక్కా లోపలికి తోసుకున్నాను. గదికి వస్తే ఓబులన్న ముక్కు ఎగబీల్చి, "ఏం సార్, పెండ్లికొడుకు మాదిరి వాసన వస్తాండావు" అన్నాడు. "కాగితం బాబాకు నచ్చిందన్నా" అన్నాను. ఆయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. ఇంజన్ సంగతి రాశానా అని అడగలేదు. రాశాననే అనుకున్నాడు.

ప్రదర్శన ఒక హోటలు ఆవరణలో. చివరి రోజు సాయంత్రం టూరిన్ నుంచే వచ్చిన ఒక ముసలాయన మా బండి దగ్గర ఆగాడు. పాత కార్ల గురించి బాగా తెలిసినవాడని అందరూ ఆయన వెంట నడుస్తున్నారు. బానెట్టు ఎత్తించి, చిన్న టార్చి వేసి, మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నా కాగితం చదివాడు. తర్వాత బాబాతో ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, బండి చాలా అందంగా ఉందనీ, ఇంజను మాత్రం టూరిన్‌ది కాదనీ, ఇంగ్లండుదనీ, కాగితంలో ఆ ఒక్క మాట దిద్దుకుంటే బాగుంటుందనీ చెప్పాడు. చుట్టూ బాబా స్నేహితులున్నారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. బాబా ముఖం నేను అలా ఎప్పుడూ చూడలేదు. "మెకానిక్కును పిలువు" అన్నాడు.

ఓబులన్న ఆ రోజు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. బాబాకు హిందీ రాదు. ఓబులన్నకు ఇంగ్లీషూ అరబ్బీ రావు. మధ్యలో నేను. "ఇంజను సంగతి వీడికి తెలుసా, అడుగు" అన్నాడు బాబా. అడిగాను. ఓబులన్న ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"సూసినావా సార్! నేను ఆ పొద్దు చెప్పిందే ఈయప్ప గూడా చెప్తాండాడు. మూర్తి సార్‌కు అప్పుడే చెప్పినా అని బాబాకు చెప్పు."

అంత నమ్మకంగా నావైపు తిరిగాడు. నేను బాబా వైపు తిరిగి, "తనకేమీ తెలియదంటున్నాడు బాబా" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఆలోచించి అబద్ధమాడానని చెప్పుకోగలిగితే ఇంకా నయం. నోరు దానంతటదే ఆ పని చేసేసింది. "మూడేళ్లు విప్పి బిగించినవాడికి తెలియదా? అయితే వీడికి కళ్లు లేవు, లేకపోతే మార్చినవాడు వీడే" అన్నాడు బాబా. అదేమిటో చెప్పమని ఓబులన్న నా ముఖంలోకి చూస్తున్నాడు. "బాబా కోపంగా ఉన్నాడన్నా, ఇప్పుడేం మాట్లాడొద్దు" అన్నాను. ఆయన తల ఊపి, చేతులు వెనక్కి కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

వారంలో ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, రద్దుచేసి ఆయన్ని ఇంటికి పంపేశారు. అసలు ఇంజన్ని ఓబులన్నే బయటికి దాటించాడని గోడౌనులో పుకారు పుట్టింది. అది ఎవరు పుట్టించారో తెలియదు. ఆపగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆపలేదు. బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆయన తన పానాలన్నీ సైజు వరసలో టవల్లో చుట్టుకుని, బ్యాగు మూసి, నా పక్కన కూర్చున్నాడు. "బాబాకు మన మాట రుచించలే. ఏం జేస్తాం" అన్నాడు. "మన మాట" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "కాగితంలో నా పేరు పడిందా సార్?" అని అడిగాడు.

"పడిందన్నా. చివర్లో. ఓబులన్న అనే మేస్త్రీ ఈ బండిని బాగుచేశాడని."

"మేస్త్రీ అని రాసినావా? మెకానిక్కు అని కాదా?"

"మేస్త్రీ అనే రాశాను."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక కాపీ ఇమ్మంటే అన్నీ బాబా దగ్గర ఉన్నాయన్నాను. పోస్టు చేస్తానన్నాను. ఆయన ఇచ్చిన అడ్రసు చీటీ కొన్నాళ్లు నా పర్సులో ఉంది. తర్వాత పర్సు మార్చాను.

ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు గుర్తుకు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా నాకు నేను చెప్పుకోవడానికి ఒక సమాధానం ఉండేది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, పరాయిదేశం, కఫీల్ అంటే భయం, ఇంటి దగ్గర నా జీతం కోసం ఎదురుచూసే మనుషులు. ఇప్పుడైతే అలా చేసేవాణ్ణి కాదు అనుకునేవాణ్ణి. ఆ నమ్మకం మీదే ఇన్ని జ్ఞాపకాలు రాశాను. ఎడారిలో మనవాళ్ల కష్టం గురించి, నిజాయితీ గురించి రాశాను, చప్పట్లూ కొట్టించుకున్నాను.

రమణమ్మ మా సోఫా చివర కూర్చుని చెప్పుకుపోతోంది. ఇక్కడి పుకారు ఊరిదాకా చేరి, వాళ్ల నాన్నను ఇంజన్ దొంగ అనేవాళ్లట. బోర్ల మోటార్లూ ఆటోలూ బాగుచేసి బతికాడు. ఎవరితోనైనా మాట తేడా వస్తే చాలు, ఆ మాట పైకొచ్చేది. "మా నాయన కోపం జేసుకునేటోడు కాదు సార్. నా పేరు అచ్చులో ఉండాదిరా, దొంగ పేరు ఎవురన్నా అచ్చేస్తారా, అనేటోడు. అంతే. ఇప్పుడు మా పిల్లోడు పదో తరగతి. మొన్న ఇస్కూల్లో వాణ్ణి గూడా ఎవురో ఆ మాటన్నారంట. అందుకే వచ్చినా."

కాగితం తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాను. నిజం చెప్పెయ్యాలనే అనుకున్నాను. ఫైలు తీసి, ఆర్టు కాగితం మీద బండి బొమ్మ చూసి, బయటికి వచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "నాకు ఇంగ్లీషు రాదు సార్. యాడుంది మా నాయన పేరు?" అంది.

ఇంగ్లీషు రాదన్న ఆ ఒక్క మాట నన్ను మళ్లీ పట్టుకుంది. నా వేలు వెళ్లి కాగితం చివరి లైను మీద ఆగింది. "ఇదిగోనమ్మా" అన్నాను.

ఆమె ఆ లైను మీద చెయ్యి పెట్టి కళ్లకద్దుకుంది. ఫోన్ తీసి ఫోటో కొట్టి కొడుక్కి పంపింది. సుభద్ర టీ తెచ్చింది. పిల్లల గురించీ, మామా మంచిదేనా అనీ ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే, నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు అయిందో లేదో ఫోన్ మోగింది. వినబడదేమోనని రమణమ్మ స్పీకరు పెట్టింది.

"మా, ఆ సార్ సూపించిన లైన్లో టైమింగ్స్ ఉండాయి మా. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు ప్రదర్శన అని ఉండాది. కాగితమంతా మూడుసార్లు సదివినా. తాత పేరు యాడా లేదు."

రమణమ్మ ఫోన్ పెట్టేసింది. నావైపు చూసింది. కోపంగా కాదు. నేను పొరపాటున ఇంకో కాగితం ఇచ్చి ఉంటానని, అది సరిదిద్దుతానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. అప్పుడు చెప్పాను. పానాల సంగతి, దివానియా, ప్రదర్శనలో బాబా అడిగిన ప్రశ్న, ఓబులన్న చెప్పిన జవాబు, నేను దాన్ని ఎలా మార్చి చెప్పానన్నది, బ్యాగు సర్దుకున్న రోజు ఆడిన అబద్ధం, ఇప్పుడు వేలు పెట్టి చూపించిన అబద్ధం. సుభద్ర వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా ఆమెకూ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

రమణమ్మ ఏడవలేదు. అంతా విని, ఒక్క మాట అడిగింది. "అప్పుడంటే భయపడినారు సార్. వయసులో ఉండారు, కఫీల్ ఉండాడు. ఇప్పుడు నేనొగ పనిమనిషిని. నన్ను సూసి ఏం భయమైందని ఆ లైను సూపిస్తిరి?"

అప్పటికీ ఇప్పటికీ మధ్య నేను పెద్దవాణ్ణయ్యానని ఎన్నో రకాలుగా లెక్క వేసుకున్నాను. ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, నలుగురిలో మూర్తిగారు అనిపించుకున్నాను. ఎదుటి మనిషికి నా భాష రాదని తెలిసిన క్షణంలో మాత్రం ఆ హోటలు ఆవరణలో నిలబడిన వాడే నాలో లేచి నిలబడ్డాడు. అతనికైనా ఎదురుగా కఫీల్ ఉన్నాడు. నాకు ఎదురుగా దానిమ్మకాయలు పట్టుకొచ్చిన మనిషి ఉంది.

ఆమె కాగితాన్ని టీపాయ్ మీద పెట్టి లేచింది. సుభద్ర చెప్పులేసుకుని బస్సు దాకా వెంట వెళ్లింది. తిరిగొచ్చి, మీగడ కట్టిన టీ గ్లాసు తీస్తూ, "ఆవిడ టీ కూడా ముట్టుకోలేదండి" అంది.

బాబా పోయి చాలాకాలమైంది. కార్లు ఇప్పుడు ఆయన కొడుకు దగ్గర ఉన్నాయి. ఆ తర్వాతి వారం వెళ్లి కలిశాను. ఆకుపచ్చ బండి ఏసీ హాల్లో, గాజు తలుపుల వెనక మెరుస్తోంది. పక్కన స్టాండు మీద నా కాగితమే, పెద్ద అక్షరాల్లో మళ్లీ అచ్చువేయించి పెట్టారు. ఆ అణువణువూ అన్న వాక్యం అలాగే ఉంది. కొడుకు మర్యాదస్తుడు. ఖర్జూరాలు పెట్టి, నేను చెప్పిందంతా విన్నాడు. చివరికి, "అంకుల్, నాన్న లేడు. ఆ మెకానిక్కూ లేడు. ఇప్పుడెందుకు ఇదంతా, ఖలాస్" అన్నాడు. కొత్త కాగితం రాసిస్తానంటే, ఇవ్వమన్నాడు. పెడతానని మాత్రం అనలేదు.

ఆ సంగతి చెప్పడానికి రమణమ్మకు ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. విని, "ఇంగ్లీషులో రాస్తే మా ఊర్లో ఎవురు సదువుతారు సార్? తెలుగులో రాయండి. మీ కతలు ఏసే పత్రికలోనే రాయండి, నేను ఊరికి పంపిస్తా. దొంగ అన్నోళ్లంతా సదువుకోవాల" అంది.

రాస్తానన్నాను. కాగితం ముందుపెట్టుకుని, పెన్ను తీసి, అప్పుడు గమనించాను. "అమ్మా, నాన్నగారి పూర్తి పేరు ఏమని రాయను?" అని అడిగాను.

అటు గిన్నెల చప్పుడు ఆగింది. "మూడేండ్లు ఒగే రూములో పండుకుంటిరి గదా సార్. జాబులు గూడా మీరే రాస్తిరంట. పేరు తెలీదా?"

"ఓబులన్న అనే తెలుసమ్మా."

ఆమె ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "దేరంగుల చిన్న ఓబులేసు. 'చిన్న' ఇడ్సిపెట్టొద్దు సార్. ఇడ్సిపెడితే అది మా పెదనాయన పేరైతాది." రాసుకున్నాను. చదివి వినిపించమంది. వినిపించాను. "ఆఁ, అదే" అంది. "మామా పిలుస్తాండాది" అని ఫోన్ పెట్టేసింది.

కాబట్టి ఆ బండి చరిత్రలో నేను రాయకుండా వదిలేసిన భాగం ఇది. టూరిన్‌లో పుట్టిన ఆ బండిలో ఉన్నది ఇంగ్లండు ఇంజను. కువైట్‌లో ఆ సంగతి మొదట కనిపెట్టినవాడు దేరంగుల చిన్న ఓబులేసు మేస్త్రీ. ఆయన దాన్ని దాచలేదు, దొంగిలించలేదు. కనిపెట్టిన రోజునే నాకు చెప్పాడు. దాచినవాణ్ణి నేను.